వన్ వే విజన్ పైన, ఫ్రాస్టెడ్ కింద: ఒక చీరల షాపు అద్దాల పని

ఫ్లెక్సీలు కొట్టుకుని బతికే మాలాంటి షాపులకు 2022 పెద్ద కుదుపు. ఆ ఏడు జులై 1 నుంచి వంద మైక్రాన్ల లోపు మందం పీవీసీ బ్యానర్లు దేశమంతా బంద్. ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ అసలు ప్లాస్టిక్ ఫ్లెక్సీలే ఉండవన్నారు. నవంబరు 1 నుంచి అన్న గడువు 2023 జనవరి 26కి జరిగింది. ఆ తర్వాత ఏమైందో మీ ఊరి సెంటర్లో స్తంభాలు చూస్తే మీకే తెలుస్తుంది గానీ, గుంటూరు అరండల్‌పేటలో మేము మాత్రం అప్పుడే గట్టిగా అనుకున్నాం, ఒక్క ఫ్లెక్సీనే నమ్ముకోకూడదని. ఫ్లెక్సీలు కొట్టే పదడుగుల సాల్వెంట్ మెషిన్ పక్కన స్టిక్కర్లు కొట్టే ఐదడుగుల ఎకో సాల్వెంట్ మెషిన్ దింపి, అద్దాల పని పట్టుకున్నాం. అద్దాలకు వేసే వినైల్ స్టిక్కర్ కూడా పీవీసీయే కదా అంటారా? అవును, పీవీసీయే. కాకపోతే వారం రోజుల పుట్టినరోజు బ్యానర్‌కీ, నాలుగేళ్లు అద్దానికి ఉండే సరుకుకీ తేడా ఉందని మాకు మేం సర్దిచెప్పుకున్నాం.

ఇక్కడ రాస్తున్నది ఒక చీరల షాపు ముందు భాగం మొత్తం చేసిన పని గురించి. రెండు అంతస్తులు, పడమర ముఖం. ఆషాఢంలో మొదలుపెట్టి శ్రావణ మాసం రద్దీ మొదలయ్యేలోగా అప్పజెప్పాలి. ఈ లైన్లోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు మెషిన్ గురించే ఉంటాయి: ఏ హెడ్డు, ఎన్ని పాసులు (ఒక్కో పట్టీ మీద హెడ్డు ఎన్నిసార్లు తిరగాలి), ఏ ఇంకు అని. నా లెక్కలో మెషిన్ ఈ పనిలో తేలికైన భాగం. అద్దం ఏ దిక్కుకు ఉంది, ఏ రకం, రాత్రి లోపల ఎంత వెలుతురు, దాని అంచుల్లో ఏముంది అన్నవే పని నిలుస్తుందో లేదో తేలుస్తాయి.

కొలతలకు వెళ్లినప్పుడు టేపు తీసే ముందు నేను చూసేది అద్దం మూలలో చిన్న ముద్ర. వేడిచేసి గట్టిపరిచిన టఫెన్డ్ గ్లాసైతే తయారీ కంపెనీ ముద్ర ఒక మూల ఉంటుంది. ఈ షాపుకు ముందు వైపు స్పైడర్ ఫిట్టింగ్ (అద్దాన్ని బోల్టులతో పట్టే స్టీలు చేతులు) మీద నిలబెట్టిన పెద్ద అద్దాలన్నిటికీ ముద్ర ఉంది. పక్కన మెట్ల దగ్గర అల్యూమినియం సెక్షన్‌లో (ఫ్రేములో) బిగించిన పాత అద్దాలకు లేదు, అవి మామూలు గ్లాసు. ఓనరు గారికి ఆ మెట్ల అద్దాలకు లోపలి నుంచి నల్లటి వినైల్ నిండుగా వేయించాలని కోరిక, బంగారు రంగు అక్షరాలు దాని మీద బాగుంటాయని. ఆ ఒక్కటీ చేయనన్నాను. ఎండ పడినప్పుడు నల్ల ఫిల్మ్ వేడిని పీల్చి అద్దం మధ్య భాగాన్ని బాగా కాలుస్తుంది. సెక్షన్‌లో దూరి ఉన్న అంచు మాత్రం నీడలో చల్లగా ఉంటుంది. మధ్య సాగుతానంటుంది, అంచు సాగనివ్వదు. కోసినప్పుడు అంచున ఎక్కడో చిన్న పెచ్చు లేచి ఉంటే చాలు, అక్కడి నుంచి చీలిక బయల్దేరుతుంది. టఫెన్డ్ గ్లాసు ఇంతకంటే ఎన్నో రెట్లు తట్టుకుంటుంది, మామూలు గ్లాసు తట్టుకోదు.

"రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, అద్దం ఎంతండీ?" అన్నాను. "అయితే ఏం వేస్తావు తమ్ముడూ?" అన్నారాయన. లేత రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద బయటి వైపు నుంచి వేస్తానని ఒప్పించాను. నిండు ముదురు రంగు, మామూలు గ్లాసు, పడమటి ఎండ, ఈ మూడూ ఒకచోట కలిస్తే ఆర్డరు వదులుకోవడమే మేలు. పగిలాక పైసా పైసా లెక్క మన మీదకే వస్తుంది.

కొలత ఎప్పుడూ ఒక్క చోట కాదు. వెడల్పు పైన, మధ్యలో, కింద. ఎత్తు ఎడమ, మధ్య, కుడి. పైన 46 అంగుళాలున్న అద్దం కింద 45 ముప్పావు ఉంటుంది, పాత బిల్డింగుల్లో ఇది మామూలే. అద్దం కనిపించే భాగం వేరు, సెక్షన్ వెడల్పు వేరు, రెండూ రాసుకోవాలి. ఎందుకో తర్వాత చెబుతాను. స్పైడర్ బోల్టు ఎక్కడుంది, తలుపుకు కింద ప్యాచ్ ఫిట్టింగ్ (అద్దాన్ని పట్టే లోహపు బిగింపు) ఎంత ఎత్తు, హెచ్ హ్యాండిల్ ఏ చోట వస్తుంది, ఇవన్నీ గీసుకోవాలి. బయట నిలబడి ఎడమ నుంచి కుడికి అద్దాలకు నంబర్లు వేస్తాను, అదే నంబరు మాస్కింగ్ టేపు మీద రాసి అద్దానికి అంటించి ఫొటో తీస్తాను. లోపలి నుంచి ఒకరు, బయటి నుంచి ఒకరు లెక్కపెట్టారంటే పేస్టింగ్ (అతికించే) రోజున కుడిదీ ఎడమదీ తారుమారవుతుంది.

ఇక అసలు చర్చ. ఓనరు గారికి రెండు అంతస్తులకూ వన్ వే విజన్ కావాలి. పట్టుచీర కట్టిన మోడల్ నిలువెత్తు బొమ్మ, బయటికి బొమ్మ కనిపించాలి, లోపలున్న వాళ్లకు రోడ్డు కనిపించాలి. అది ఆ ఫిల్మ్ చేసే పనే. నిండా చిన్న చిల్లులుంటాయి, ముందు వైపు తెలుపు, వెనక నలుపు. అరవైకి నలభై అంటే నూటికి అరవై వంతులు ఫిల్మ్, నలభై వంతులు చిల్లులు. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి బయటివాడి కన్ను బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. లోపలివాడికి ఎదురుగా ఉన్నది నలుపు కాబట్టి ఆ చిల్లుల్లోంచి చూపు బయటికి పోతుంది. అయితే ఇదంతా వెలుతురు మీద ఆధారపడిన మాయ. చీరల షాపుకు బేరాలు సాయంత్రం దీపాలు పెట్టాకే. ఆ వేళకు లోపల ధగధగా లైట్లు, బయట చీకటి. అప్పుడు లెక్క తిరగబడుతుంది: బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, లోపలి మనుషులు మసక మసకగా బయటికి కనిపిస్తారు. అటు బొమ్మా ఉండదు, ఇటు షోకేసూ ఉండదు.

మాటలతో ఇది ఎక్కదు. ప్రింటు కొట్టిన ముక్కలు పట్టుకెళ్లి, ఒకటి పై అంతస్తు అద్దానికి, ఒకటి కింది అద్దానికి టేపుతో అంటించి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడున్నర దాటాక ఒకసారి ఆయన్ని రోడ్డుకు అవతల నిలబెట్టాను. రెండోసారి నేనేమీ మాట్లాడక్కర్లేకపోయింది. పై అంతస్తు గోడౌనూ, ట్రయల్ రూములూ. అక్కడ లైట్లు తక్కువ, పడమటి ఎండ మాత్రం దండిగా కొడుతుంది, కాబట్టి అక్కడ వన్ వే విజన్ ఖాయం. కింద అద్దం తెరిచే ఉంచి, నడుము ఎత్తు దాకా ఫ్రాస్టెడ్ (మంచు పట్టినట్టు మసకగా ఉండే ఫిల్మ్) పట్టీ, పైన వినైల్‌లోంచి కోసిన కటింగ్ అక్షరాలు. బిల్లు తగ్గింది, నిజమే. కానీ నచ్చజెప్పి నిండుగా అంటించిన అద్దం ఆర్నెల్లలో పీకించుకుంటే మన పేరే పోతుంది.

డిజైన్‌ను ఓనరు గారి ఆస్థాన డిజైనరు పంపాడు. ఫైళ్ల గురించి రెండు మూడు ముక్కలు. మోడల్ ఫొటో వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిందంటే అది పనికిరాదు, డాక్యుమెంటుగా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్ తెప్పించుకోండి. అలాగని అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కూడా దండగ, మెషిన్ కంప్యూటరు మూలుగుతుంది. రోడ్డు మీంచి చూసే బొమ్మకు అసలు సైజులో 100 డీపీఐ సరిపోతుంది. నలుపు అంటే నాలుగు రంగులూ నూటికి నూరు వేయడం కొందరికి అలవాటు. అంత ఇంకు చిల్లుల ఫిల్మ్ మీద పడితే చిల్లు అంచుల్లో పేరుకుంటుంది, ఆరదు. నలుపుకు తోడు కొంచెం నీలం వేస్తే చాలు. ఇంకో సంగతి, నలభై వంతులు ఖాళీయే కాబట్టి చిల్లుల ఫిల్మ్ మీద రంగులు స్క్రీన్ మీద ఉన్నంత నిండుగా రావు. ఎరుపు, పసుపు కాస్త పెంచుకోవాలి. సన్నటి జరీ గీతలు, చిన్న అక్షరాలు చిల్లుల్లో పడి మాయమైపోతాయి. ఫోన్ నంబరు ఆ ఫిల్మ్ మీద పెట్టమంటే నేను పెట్టను, కటింగ్ అక్షరాలుగా వేరే చోటికి మారుస్తాను.

సెక్షన్ వెడల్పు రాసుకోమన్నది ఇందుకే. ఒకే బొమ్మ పక్క పక్క అద్దాల మీద పరుచుకున్నప్పుడు, మధ్యలో ఉన్న అల్యూమినియం వెనక బొమ్మ దాగి ఉన్నట్టు ఆ వెడల్పు మేర వదిలేయాలి. వదలకుండా ముక్కకు ముక్క కలిపి కోస్తే చీర అంచు ఒక అద్దంలో ఒక ఎత్తున, పక్క అద్దంలో మరో ఎత్తున వస్తుంది, చెయ్యి రెండంగుళాలు పొడవైనట్టు కనిపిస్తుంది. కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో ముందు అద్దాల గడులు గీసి, దాని మీద బొమ్మ జరుపుకుంటూ పోతాను. ముఖం సెక్షన్ మీద పడకూడదు, కళ్లు అసలు పడకూడదు. ప్రతి ముక్కకూ నాలుగు వైపులా అంగుళం ఎక్కువ బొమ్మ, ఆ ఎక్స్‌ట్రాలో అద్దం నంబరు, పైకి బాణం గుర్తు.

ప్రింటింగ్ గురించి ఎక్కువ రాయను. పొద్దున్నే నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే రంధ్రాలు మూసుకుపోలేదని చూడటం), ఫీడ్ సరిచూసుకోవడం, ఎనిమిది పాసులు. చిల్లుల ఫిల్మ్ కొనేటప్పుడు వెనక కాగితం చిల్లులు లేనిదా అని చూసుకోండి. కాగితానికి కూడా చిల్లులుంటే ఇంకు నేరుగా మెషిన్ పళ్లెం మీదకు దిగి, తర్వాత వచ్చే ప్రతి ముక్కనూ వెనక నుంచి నల్లచేస్తుంది. ఒక గోడకు వెళ్లే ముక్కలన్నీ ఒకే రోల్లోంచి, ఒకే సెట్టింగులో రావాలి. ఒక ముక్క ఇవాళ, ఇంకో ముక్క హెడ్డు కడిగాక రేపు అంటే పక్కపక్కన పెట్టినప్పుడు ఎరుపు రెండు ఎరుపులవుతుంది. ద్వారం పైన ఉన్న వెడల్పాటి అద్దానికి మాత్రం రెండు ముక్కలు తప్పలేదు. అలాంటి చోట ఒక ముక్కను తలకిందులుగా తిప్పి ప్రింటు తీస్తాను. అప్పుడు అతుకు దగ్గర కలిసే రెండు అంచులూ మెషిన్‌కు ఒకే పక్క నుంచి వచ్చినవవుతాయి, రంగు తేడా కంటికి ఆనదు.

నేను గట్టిగా పట్టుబట్టేది ఆరబెట్టడం దగ్గర. ఎకో సాల్వెంట్ ఇంకు చేతికి అంటకపోతే ఆరిపోయినట్టేనని అందరి నమ్మకం. పైన ఆరుతుంది గానీ లోపల సాల్వెంట్ (ఇంకును పలుచన చేసే ద్రవం) ఇంకా ఫిల్మ్‌లోనే ఉంటుంది, జిగురును మెత్తబరుస్తూ. ఆ స్థితిలో లామినేషన్ (ప్రింటు మీద వేసే తేట రక్షణ పొర) వేస్తే అది బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అతికించిన కొన్నాళ్లకు అంచులు దొప్పల్లా లేస్తాయి, అప్పుడు నేరం పేస్టింగ్ కుర్రాడి మీద పడుతుంది. కనీసం 24 గంటలు, అదీ రోలు బిగించి చుట్టి కాదు. వదులుగా చుట్టి నిలువుగా నిలబెట్టి, ఫ్యాను గాలి లోపలికి పోయేలా. ఆషాఢం ముసురులో ఇంకొక రోజు ఎక్కువే వదిలాను. ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే వాసన తెలుస్తుంది. వాసన ఉన్నంతసేపూ లామినేటర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

వన్ వే విజన్‌కు లామినేషన్ అవసరమా అని ఖర్చు చూసి చాలామంది మానేస్తారు. ఈ షాపుది పడమర ముఖం, నైరుతి వాన సూటిగా కొట్టేదీ ఆ వైపే. లామినేషన్ లేకపోతే చిల్లుల్లో నీటి బొట్లు నిలబడిపోయి, ఆరేదాకా లోపలి వాళ్లకు రోడ్డు కనపడదు. వాన వెలిశాక అదే చిల్లుల్లో దుమ్ము చేరుతుంది. దీనికి మామూలు లామినేషన్ కాదు, అద్దంలా తేటగా ఉండే రకం అడిగి తెప్పించాలి. మామూలుది వేస్తే లోపలి నుంచి చూపు మంచు పట్టినట్టుంటుంది.

కింది అంతస్తు అక్షరాల దగ్గరికొస్తే, తెలుగుతో ప్లాటర్‌కు (వినైల్ కోసే మెషిన్‌కు) పడే తిప్పలు ఇంగ్లీషు అక్షరాలు కోసేవాళ్లకు తెలియవు. డిజైనర్లు చాలామంది ఇప్పటికీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోనే పనిచేస్తారు. కర్వ్స్ చేయకుండా (అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చకుండా) ఫైలు పంపితే మన కంప్యూటర్లో అది పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది, అది అందరికీ తెలిసిందే. కర్వ్స్ చేసి పంపినా అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ ఫాంట్లలో అక్షరం, గుడి, కొమ్ము, వత్తు వేరువేరు ముక్కలుగా ఉండి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ప్రింటులో ఆ సంగతి తెలియదు, ఒకే రంగు కాబట్టి కలిసిపోతుంది. ప్లాటర్ బ్లేడు మాత్రం ప్రతి ముక్క చుట్టూ విడిగా తిరుగుతుంది, "శ్రీ" మధ్యలో నాలుగు గాట్లు పెడుతుంది. కాబట్టి ఒక్కో అక్షరం పట్టుకుని వెల్డ్ చేసుకోవాలి, అంటే ముక్కలన్నీ ఒకే ఆకారంగా కలపాలి. చేశాక గీతలు మాత్రమే కనిపించే వైర్‌ఫ్రేమ్ వ్యూలో చూడాలి, లోపల గీత మిగిలి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. "ధ", "భ" కింద నిలువు గీతలు అక్షరానికి తగలకుండా విడిగా ఉంటాయి. చిన్న సైజులో అవి వీడింగ్ (అక్కర్లేని వినైల్ పీకేయడం) చేసేటప్పుడు చెత్తతో పాటు లేచొచ్చేస్తాయి. షాపు టైమింగుల అక్షరాలు డిజైనరు ముప్పావు అంగుళం పెట్టాడు, అంగుళంన్నర చేయించాను. సున్నాలు, గుండ్రాలు ఎక్కువైన మన లిపిలో లోపలి ముక్కలు పీకడానికే గంటలు పడతాయి, ఆ కూలి రేటులో వేసుకోండి. లోపలి నుంచి అతికించేవి కనుక మిర్రర్ చేసి కోశాం. బయట వేస్తే వచ్చేపోయేవాళ్ల గోళ్లు ఊరుకోవు.

పేస్టింగ్‌కు నాతో వచ్చేది బాబాయ్. వరసకు కాదు, అందరం అలాగే పిలుస్తాం. ఒకప్పుడు కార్లకు సన్ ఫిల్మ్ వేసేవాడు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాల ఫిల్ములు తీసేయమన్నాక ఆ పని కూలిపోయింది, బిల్డింగుల అద్దాల మీదకు మళ్లాడు. తడి పద్ధతిలో ఆయన చేతికి తిరుగులేదు. వన్ వే విజన్ మాత్రం పొడిగానే వేయాలి. సబ్బునీళ్లు చల్లి వేస్తే నీళ్లు చిల్లుల దగ్గర చిక్కుకుని జిగురు పట్టదు, అంచుల నుంచి ఊడొస్తుంది. ఫ్రాస్టెడ్‌కు నీళ్లు, చిల్లులదానికి పొడి. ఇది తారుమారు చేసి వేరే ఎవరో అతికించిన అద్దాలను పీకే పని కూడా మాకు బాగానే దొరుకుతుంటుంది.

అతికించడానికి ముందు అంతకుముందు ఏడాది ఆషాఢం సేల్ స్టిక్కర్ల జిగురు తీయాల్సి వచ్చింది. నెల రోజుల సేల్‌కు ఎవరో పర్మనెంట్ జిగురున్న వినైల్ వేశారు, అది పడమటి ఎండకు కాలి పెంకులుగా మారింది. హీట్ గన్‌తో అద్దాన్ని ఒకేచోట కాల్చకుండా, గోరువెచ్చగా చేసుకుంటూ పలుచటి కోణంలో నిదానంగా లాగాలి. మిగిలిన జిగురుకు గుడ్డ మీద కిరోసిన్, దాని తర్వాత ఆ కిరోసిన్ జిడ్డు పోవడానికి సబ్బునీళ్లు. అద్దం సందుల్లో నింపే సీలెంట్ మీదకు మాత్రం కిరోసిన్ పోకూడదు. తర్వాత అద్దం తడిగా ఉన్నప్పుడే కొత్త బ్లేడుతో గీకాలి. పెయింటర్లు వదిలిన చుక్కలు, సిమెంటు మరకలు చేతివేళ్లకు తగులుతాయి, కంటికి కనపడవు. నీలం రంగు గ్లాస్ క్లీనర్లు వాడొద్దు, మెరుపు కోసం అవి వదిలే పొర జిగురుకు శత్రువు. ఆఖరున ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలు పోగులు రాలని గుడ్డ పెట్టి తుడవడమే. అంచులు, మూలలు రెండుసార్లు. ఊడేవి ఎప్పుడూ అంచులే.

పడమర ముఖం కాబట్టి పొద్దున్నే పని. మధ్యాహ్నం దాకా అద్దం చల్లగా నీడలో ఉంటుంది. తూర్పు ముఖం షాపైతే సాయంత్రం పెట్టుకుంటాం. కాలిన అద్దం మీద జిగురు తగలగానే పట్టేస్తుంది, సరిచేసుకునే వీలే ఉండదు. రాత్రి వాన పడి ఉంటే సెక్షన్ పై భాగంలో నిలిచిన నీళ్లు, మనం అతికిస్తుండగా బొట్టుబొట్టుగా దిగుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో ముందు ఆ సందులు ఆరబెట్టుకున్నాం. పై అంతస్తుకు ఎదురుగా కరెంటు తీగలు పోతున్నాయి. ఫ్లెక్సీ ఫ్రేములు తీగలకు తగిలి ప్రాణాలు పోయిన వార్తలు మనకు కొత్త కాదు. అందుకే ఇనుప నిచ్చెన ఒద్దని వెదురు సారవ కట్టించాను, పొడవాటి అల్యూమినియం స్కేలు పైకి పోనివ్వలేదు. దీనికైన ఖర్చు ఓనరు గారి చేత విడిగా ఒప్పించుకున్నాను. ఇది బేరంలో తగ్గించే పద్దు కాదు.

ముక్కను ముందు మాస్కింగ్ టేపుతో నిలబెట్టి, కిందికి దిగి రోడ్డు మీంచి చూసి, అప్పుడు పై అంచున టేపు కీలులా వేసి, వెనక కాగితం నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే విప్పాం. మధ్య నుంచి పక్కలకు స్క్వీజీ (ఫిల్మ్‌ను నొక్కి రుద్దే పట్టీ), ఒక గీత మీదకు సగం ఎక్కేలా తర్వాతి గీత. స్క్వీజీ అంచుకు ఫెల్ట్ గుడ్డ ఉండాలి, లేకపోతే లామినేషన్ మీద గీరలు పడతాయి. కాగితం కొద్దికొద్దిగా కిందికి లాగుతూ పోవాలి. మొత్తం ఒకేసారి విప్పి ఇద్దరు పట్టుకుని అద్దానికి కొట్టడం చూడ్డానికి చకచకా ఉంటుంది, ముడత పడిందంటే ఆ ముక్క చెత్తబుట్టకే. చిల్లుల ఫిల్మ్ లాగితే సాగుతుంది, చిల్లులు కోడిగుడ్డు ఆకారంలోకి పోతాయి. సాగింది సాగినట్టు ఉండదు, ఎండకు వెనక్కి ముడుచుకుని అంచున సందు చూపిస్తుంది. చిల్లుల్లోంచి గాలి ఎలాగూ పోతుందనే ధీమా లామినేషన్ వేసినదానికి పనికిరాదు, బుడగ నిలబడిపోతుంది.

"తొందరెందుకు అబ్బాయ్, అద్దం ఎక్కడికీ పోదు" అని బాబాయ్ కసిరితే కుర్రాళ్ల చేతులు నెమ్మదించాయి.

రెండు ముక్కల అతుకు దగ్గర మామూలు వినైల్‌లా ఒకదాని మీద ఒకటి ఎక్కించలేదు. చిల్లుల మీద చిల్లులు పడి అక్కడ నల్లటి పట్టీ కనపడుతుంది. అంచుకు అంచు ఆనించాం. స్పైడర్ బోల్టుల దగ్గర ముందే నక్షత్రంలా చిన్న గాట్లు పెట్టి, ఫిల్మ్ పడుకున్నాక చుట్టూ కోసుకోవాలి. అంచులు సీలెంట్‌ను తాకనివ్వకూడదు, తాకిన చోట నుంచే లేవడం మొదలవుతుంది. మా దగ్గర మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ ముక్కలు ఎప్పుడూ పడి ఉంటాయి. ఒకదాన్ని సెక్షన్‌కు ఆనించి, దాని పక్కనుంచి కట్టర్ నడిపితే చుట్టూ ఒకే సందు వస్తుంది. బ్లేడు ఫిల్మ్ తెగేంతే నొక్కాలి, అద్దం మీద గీత పడితే అది జన్మలో పోదు. ప్రతి అద్దానికీ కొత్త మొన విరిచేయాలి, బ్లేడు దగ్గర పొదుపు వద్దు. చివరగా అంచుల వెంట తేటగా ఉండే ఎడ్జ్ టేపు.

కింద ఫ్రాస్టెడ్ పని బాబాయ్ రాజ్యం. నీళ్లలో నాలుగు చుక్కలు బేబీ షాంపూ, అద్దం మీదా జిగురు మీదా ధారాళంగా చల్లి, ఫిల్మ్‌ను జరుపుకుంటూ కుదిర్చి, నీళ్లు పక్కలకు నెట్టేయడమే. అయ్యాక పాలు ఒలికినట్టు తెల్ల మచ్చలు కనిపిస్తాయి. అది లోపల మిగిలిన తేమ, కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది. ఈ మాట ఓనరుకు ముందే చెప్పాలి. అయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది. అక్షరాలు వరస చెదరకుండా ఎత్తే ట్రాన్స్‌ఫర్ టేపుతో పెట్టి, కాసేపు పట్టనిచ్చి, టేపును అద్దానికి ఆనించి వెనక్కి మడిచినట్టు తీయాలి. ఎదురుగా లాగితే "ధ" కింది గీతలు టేపుతో వచ్చేస్తాయి.

అప్పజెప్పేటప్పుడు మూడు మాటలు తెలుగులో కాగితం మీద రాసి గోడకు అంటించి వచ్చాను: మెత్తటి గుడ్డా సబ్బునీళ్లే వాడాలి, పైపు నీళ్లు అంచుల మీద కొట్టొద్దు, సేల్ పోస్టర్లు ఫిల్మ్ మీద అంటించొద్దు. సేల్ స్టిక్కర్లకు కింద తెరిచిన అద్దంలో రెండు చోట్లు వదిలాం, అక్కడికి రిమూవబుల్ జిగురున్న వినైల్ మేమే ఇస్తున్నాం. మెట్ల దగ్గర అద్దాలు మొన్నటి రోహిణి కార్తెను పగలకుండా దాటేశాయి.

ఆ మధ్య సరుకు దించుతుంటే పై అంతస్తులో ఒక అద్దం పగిలింది. టఫెన్డ్ కదా, మొత్తం గోళీల్లా రాలింది. నంబరు చెప్పమన్నాను, ఆ ముక్క ఫైలు తీసి అదే సెట్టింగులో కొట్టి, కొత్త అద్దం బిగించగానే వేసొచ్చాం. అయితే ఎండకు ముందు వెలిసేవి పసుపూ ఎరుపే. పక్క అద్దాల్లో చీర అప్పటికే ఒక మెట్టు దిగింది, కొత్త ముక్కలో మాత్రం నిగనిగలాడుతోంది. ప్రింటు తీసే ముందే ఆయనకు రెండు ముక్కలు చూపించాను, ఒకటి అసలు రంగుల్లో, ఒకటి తగ్గించి. "కొత్తది కొత్తగానే ఉండనీ తమ్ముడూ, వచ్చే శ్రావణానికి మొత్తం మార్చేద్దాం" అన్నారు. కొలతలు మళ్లీ తీసుకోవాలి, ఆ కొత్త అద్దం పాతదానికంటే పావు అంగుళం తక్కువుంది.